గుడ్డ ముందు, పానా తర్వాత

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ వచ్చాక మన వైపు కుర్రాళ్ల మాటలు మారాయి. ఒకప్పుడు హిందూపురం టీ బంకు దగ్గర ఎవరైనా కొత్త కారు కొంటే "లీటరుకు ఎంత ఇస్తుంది?" అని అడిగేవాళ్లు. ఇప్పుడు "టర్బోనా, మామూలుదా?" అంటున్నారు. 2019 ఆగస్టు 8న అక్కడి లైను మీంచి మొదటి సెల్టోస్ బయటికొచ్చింది. ఏడాదికి 3 లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ పక్కనే పెరిగిన కుర్రవాడికి కారంటే సినిమాలో చూసే వస్తువు కాదు, వాళ్ల చిన్నాన్న కొడుకు షిఫ్టులో బిగించే వస్తువు. అందుకే ఆశ కూడా దగ్గరికొచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో ఒక టర్బో బండి కొనాలి, దాన్ని తనకు నచ్చినట్టు మార్చుకోవాలి, ఎన్‌హెచ్ 44 ఎక్కాలి.

ఆశ మంచిదే. వరస తప్పుతోంది. చాలామంది మొదట బూస్టు, అంటే టర్బో ఇంజన్లోకి తోసే గాలి ఒత్తిడి పెంచుతారు, తర్వాత సైలెన్సర్ మారుస్తారు, ఆ తర్వాత చక్రాలు. బ్రేకులు ఎప్పుడో గుర్తొస్తాయి. ఫొటోలు తీయాల్సిన రోజు చివర్లో డీటెయిలింగ్ చేయిస్తారు. ఈ వరసను తలకిందులు చేయమని చెప్పడానికే ఈ అధ్యాయం. మొదట డీటెయిలింగ్, చివర్లో బూస్టు.

కారణం చెప్పేముందు కంపెనీ వాళ్లు ఏం చేశారో చూద్దాం. 2019 సెల్టోస్‌లో వచ్చిన 1.4 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్ బలం 140 పీఎస్, టార్కు 242 న్యూటన్ మీటర్లు. 2023లో కొత్త ఉద్గార నిబంధనలు వచ్చినప్పుడు దాన్ని ఆపేసి 160 పీఎస్, 253 న్యూటన్ మీటర్ల బండి దించారు. పెరిగింది 20 పీఎస్. కంప్యూటర్ ముందు కూర్చుని అరగంటలో అంతకంటే ఎక్కువే పెంచి ఇస్తామనే ట్యూనర్లు బెంగళూరులో వీధికొకరు. కంపెనీ మాత్రం పాత ఇంజన్లోనే గాలి ఒత్తిడి పెంచి ఊరుకోలేదు. 1353 సీసీ ఇంజన్ తీసేసి 1482 సీసీ ఇంజన్ పెట్టింది. టార్కు కూడా 11 న్యూటన్ మీటర్లే పెంచింది. పొగ నిబంధనలు ఒక కారణమే, ఒప్పుకుంటాను. కానీ లక్షల బండ్లకు వారంటీ ఇవ్వాల్సిన చెయ్యి ఎంత ఆచితూచి కదులుతుందో ఇందులో కనిపిస్తుంది. మీ బండికి వారంటీ ఇచ్చేది మీరే. ఆ చెయ్యి మీది కావాలి.

టర్బో పని సులువుగా అర్థమవుతుంది. సైలెన్సర్‌లోకి వృథాగా పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీదున్న రెండో చక్రం బయటి గాలిని నొక్కి ఇంజన్లోకి తోస్తుంది. గాలి ఎక్కువ పోతే పెట్రోలు ఎక్కువ కాల్చొచ్చు, చిన్న ఇంజన్‌తో పెద్ద పని చేయించొచ్చు. ఆల్ఫ్రెడ్ బూషి అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు దీనికి 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. చిన్న కార్ల టర్బోలో ఆ ఇరుసు నిమిషానికి లక్షన్నర, రెండు లక్షల చుట్లు కూడా తిరుగుతుంది. పెట్రోలు బండిలో పొగ వైపు 900 డిగ్రీల వేడి. ఆ రెండింటి మధ్య ఇరుసును కాపాడేది పలచటి ఆయిలు పొర. "ఆయిల్ ఇంకో రెండు వేలు తిరిగినాక మారుద్దాంలే అన్నా" అనేవాళ్లు ఈ వాక్యాన్ని ఇంకోసారి చదవాలి.

ఇక వేడి సంగతి. గాలిని నొక్కితే అది వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొట్టినవాళ్లకు తెలుసు. ధర్మవరంలో మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలు ఉందనుకోండి. ఆ గాలిని టర్బో రెట్టింపు ఒత్తిడికి నొక్కితే బయటికొచ్చేసరికి దాదాపు 140 డిగ్రీలు ఉంటుంది. అదే పని జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీల్లో చేస్తే 105 దగ్గర ఆగుతుంది. ఇంటర్‌కూలర్ ఈ వేడిని దించుతుంది కానీ బయటి గాలి కంటే చల్లగా దించలేదు. వేడి గాలి పలచన, బలం తగ్గుతుంది. అంతకంటే ప్రమాదం నాకింగ్. స్పార్కు మంట చేరకముందే మిగిలిన పెట్రోలు, గాలి తమంతట తామే భగ్గుమని పిస్టన్‌ను సుత్తితో కొట్టినట్టు కొడతాయి. జర్మనీలోనో జపాన్‌లోనో తీసిన వీడియో చూసి అదే సెట్టింగు మన ఎండలో పెట్టమనడం ఇందుకే తెలివితక్కువ.

1962లో అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్లు ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అనే టర్బో కారు అమ్మారు. మూడున్నర లీటర్ల ఇంజన్, 215 హార్స్‌పవర్. నాకింగ్ ఆపడానికి డిస్టిల్డ్ వాటర్, మిథనాల్ కలిపిన ద్రవాన్ని ఒక సీసాలో పోసి ఇంజన్లోకి చిలకరించే ఏర్పాటు చేశారు. దానికి టర్బో రాకెట్ ఫ్లూయిడ్ అని ఘనమైన పేరు. ఏర్పాటు బాగానే పనిచేసింది. కొన్నవాళ్లే సీసా నింపలేదు. సీసా ఖాళీ అయితే ఇంజన్ కాపాడుకోవడానికి బూస్టు తగ్గిపోయేది, బండి పికప్ లేదని ఫిర్యాదులొచ్చేవి. 1963తో ఆ కారు ఆగిపోయింది. చాలా బండ్లకు టర్బో ఊడబీకి మామూలు కార్బురేటర్ బిగించేశారు. ఇంజనీరింగ్ ఓడిపోలేదక్కడ, నెలకోసారి బానెట్ ఎత్తి చూసే అలవాటు లేకపోవడం వల్ల కారు ఓడిపోయింది. మనం మొదట సంపాదించాల్సింది ఆ అలవాటు. దాన్ని నేర్పేది డీటెయిలింగ్.

డీటెయిలింగ్ అంటే మెరుపు అనుకుంటారు. నా లెక్కలో అది తనిఖీ. మీ చేత్తో మీరే అంగుళం అంగుళం తుడిస్తే ఎక్కడ ఏముందో తెలుస్తుంది. వైపర్ కింద పగిలిన రబ్బరు, టైరు లోపలి అంచున మాత్రమే అరిగిన పళ్లు, బంపర్ వెనక విరిగిన క్లిప్పు, పాత యజమాని దాచిన రిపేరు. తలుపు మీద రంగు మందం కొలిచే మీటరు పెడితే ఫ్యాక్టరీ రంగు మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య చూపిస్తుంది. ఒక్క తలుపు మీదే 300 వచ్చిందంటే అక్కడ ప్యాచ్ కొట్టి రంగు వేశారన్నమాట. సెకండ్ హ్యాండ్ బండికి డబ్బు ఇచ్చేముందే ఈ పని చేయించండి.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన శత్రువులు రెండు: దుమ్ము, బోరు నీళ్లు. దుమ్ము మీద పొడిగుడ్డ వేసి తుడిచే డ్రైవరన్నలను ఎవరూ ఆపలేరు కానీ మీరు మాత్రం ఆ పని చేయకండి. ప్రతి రేణువూ ఒక గీత గీస్తుంది. మధ్యాహ్నం ఎండలో చూస్తే బానెట్ మీద సాలెగూడులా కనబడేవి ఆ గీతలే. ముందు నీళ్లు ధారగా పోసి దుమ్ము జారనివ్వాలి, తర్వాత నురుగు వేసి అయిదు నిమిషాలు ఆగాలి. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకదాంట్లో షాంపూ, ఇంకోదాంట్లో గుడ్డ జాడించడానికి ఉత్త నీళ్లు. పైకప్పు నుంచి కిందికి రావాలి. తలుపుల కింది భాగానికీ చక్రాలకూ వాడిన గుడ్డ మళ్లీ పైకి పోకూడదు.

బోరు నీళ్లు ఇంకా మొండివి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కురిసే ఉమ్మడి అనంతపురం జిల్లాలో నీరు పాతాళం నుంచి వస్తుంది, వచ్చేటప్పుడు ఉప్పులన్నీ మోసుకొస్తుంది. ఆ నీళ్లు ఎండలో బానెట్ మీద ఆరితే తెల్లటి గుండ్రటి మరకలు పడతాయి. వదిలేస్తే పై పొరను తినేస్తాయి. అందుకే నీడలో, ఉదయం ఎనిమిదిలోపు కడగండి, ఒక్కో భాగం ఆరకముందే మెత్తటి మైక్రోఫైబర్ తువ్వాలుతో అద్ది తీయండి. చివరి జాడింపుకు వాన నీళ్లు గానీ ఏసీ నుంచి కారే నీళ్లు గానీ పట్టి ఉంచుకుంటే మేలు. వాటిలో ఉప్పు దాదాపు ఉండదు. ఆర్‌వో మిషన్ పక్క పైపు నుంచి పారబోసే నీళ్లు మాత్రం వద్దు. వాటిలో ఉప్పు బోరు నీళ్లకంటే ఎక్కువ. పాత మరకలకు పలచన చేసిన వెనిగర్ అద్ది, నిమిషంలో కడిగేయండి. మొండిగా మిగిలితే పాలిష్ తప్పదు. పాలిష్ అంటే రంగు మీది క్లియర్ కోటును కొద్దిగా గీకేయడమే. ఆ పొర మొత్తం 40, 50 మైక్రాన్లు, బండి జీవితకాలానికి అదే ఆస్తి. నెలనెలా పాలిష్ కొట్టిస్తానని గొప్పగా చెప్పేవాళ్లు ఆ ఆస్తిని కరగదీస్తున్నారు. సిరామిక్ కోటింగ్ కడగడాన్ని తేలిక చేస్తుంది, రాయి దెబ్బను ఆపదు. హైవే మీద ఎక్కువ తిరిగే బండికి ముందు బంపర్, బానెట్ వరకు పీపీఎఫ్ అనే పారదర్శక రక్షణ పొర వేయించుకోవడం తెలివైన ఖర్చు.

బానెట్ కింద కూడా శుభ్రం చేయండి. ప్రెజర్ వాషర్ వద్దు. ఇంజన్ పూర్తిగా చల్లారాక, ఆల్టర్నేటర్, గాలి తీసుకునే మూతి, వైర్ల జాయింట్లు ప్లాస్టిక్‌తో కప్పి, బ్రష్షుతో, తడిగుడ్డతో చేయాలి. బోనస్ ఇక్కడే దొరుకుతుంది. శుభ్రంగా ఉన్న ఇంజన్ ఏ రోగాన్నీ దాచలేదు. ఇంటర్‌కూలర్ పైపు జాయింటు దగ్గర నూనె తడి కనిపిస్తే అక్కడ బూస్టు కారుతోందేమో చూడాలి. కూలెంట్ గొట్టం మొదట్లో పొడిపొడిగా మరక ఉంటే రేడియేటర్ నీళ్లు ఎండలో ఎందుకు తగ్గుతున్నాయో తెలిసిపోతుంది. నాలుగైదు వారాలు ఈ పని చేసినవాడికి బండి గురించి తెలిసేది ఏ స్కానర్ మిషనూ చెప్పదు.

ఇప్పుడు పానా పట్టండి. కానీ బూస్టు దగ్గరికి ఇంకా పోవద్దు. ధర్మవరంలో పట్టుచీర నేసే ఇంటికి వెళ్లి చూడండి. పేక ఆడించే పని కంటే ముందు పడుగు సరిచేసే పని ఎంత ఓపికగా జరుగుతుందో, ఒక్క పోగు వదులైనా చీర పొడవునా ఎలా కనబడుతుందో. బండికి పడుగు లాంటివి టైర్లు, బ్రేకులు, కూలింగ్, క్లచ్. టైరు పక్క గోడ మీద చివరి నాలుగు అంకెలు చూడండి. 2321 అని ఉంటే 2021లో 23వ వారం చేసింది. పళ్లున్నాయి కదా అని ఆరేడేళ్ల టైరు మీద వేగం పెంచకండి. వేగం 100 నుంచి 140కి పెరిగితే బ్రేకులు మింగాల్సిన శక్తి దాదాపు రెట్టింపవుతుంది, ఒకటిన్నర రెట్లతో ఆగదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. మరిగిన ఆయిల్‌లో ఆవిరి బుడగలుంటాయి, పెడల్ నేలకు తగులుతుంది, బండి ఆగదు. రెండేళ్లకోసారి ఆ ఆయిల్ మార్చడానికయ్యే ఖర్చు మీ స్టిక్కర్ల ఖర్చుకంటే తక్కువ.

క్లచ్ గురించి ఒక్క మాట. సెల్టోస్ టర్బోలో వచ్చే ఏడు గేర్ల డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు) పొడి క్లచ్‌లతో పనిచేసేది. హిందూపురం సంతరోజు ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకిస్తేనే వేడెక్కే క్లచ్ మీద ఇంకో 80 న్యూటన్ మీటర్లు వేస్తే ఏమవుతుందో ఊహించండి. ఇంజన్ తట్టుకుంటుందా అని అందరూ అడుగుతారు. ముందు ఏది తెగుతుందో అడగండి. ఒక చోట అడిగిన బలానికి అయిదు చోట్ల బిల్లు వస్తుంది. ఆ బిల్లులన్నీ కలిపి ఒక కాగితం మీద రాసి, ఎంత బలం దగ్గర ఆగాలో అంకె వేసి, కింద సంతకం పెట్టండి. ట్యూనర్ షాపులో కాఫీ తాగుతూ ఆ అంకెను మార్చకండి.

ట్యూనింగ్ రెండు రకాలు. సెన్సర్‌కు అబద్ధం చెప్పి బూస్టు రాబట్టే ట్యూనింగ్ బాక్సు ఒకటి, ఇంజన్‌ను నడిపే కంప్యూటరు, అంటే ఈసీయూలోని లెక్కలనే తిరగరాసే రీమ్యాప్ ఇంకోటి. మంచి చేతిలో పడితే నేను రెండోదాన్నే నమ్ముతాను, ఎందుకంటే అందులో గాలి, పెట్రోలు, స్పార్కు మూడింటినీ కలిపి సర్దొచ్చు. ట్యూనర్‌ను ఎన్ని హార్స్‌పవర్లు వస్తాయని కాకుండా ఏ పెట్రోలు మీద చేస్తున్నావని అడగండి. మామూలు పెట్రోలుకంటే ఖరీదైనదాని ఆక్టేన్ ఎక్కువ. ఇంకా పైది కొన్ని నగరాల్లోనే దొరుకుతుంది. బెంగళూరులో మంచి పెట్రోలు పోసి మ్యాపు రాయించుకుని, ఇంటికొచ్చి మన ఊరి బంకులో మామూలుది పట్టిస్తే నాకింగ్ మొదలవుతుంది. మీరు రోజూ పోయించే పెట్రోలుకే మ్యాపు రాయించండి. బలం కొలిచే డైనో మీద పరిగెత్తించిన తర్వాత లాగ్ ఫైలు తీసుకోండి. నాకింగ్ వచ్చి స్పార్కు ఎంత వెనక్కి పోయిందో, లోపలికెళ్లే గాలి వేడి ఎంతో అందులో ఉంటుంది. ఆ ఫైలు ఇవ్వనివాడికి డబ్బులివ్వకండి. ఆయిల్ డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ అని చూసుకోండి. చిన్న టర్బో ఇంజన్లలో తక్కువ చుట్ల దగ్గర వేళ కాని వేళ వచ్చే పేలుడును ఆయిల్ తగ్గిస్తుందో లేదో చూసే పరీక్ష ఆ గ్రేడులో ఉంది. ఎత్తు ఎక్కేటప్పుడు పై గేరులో ఉంచి యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కడం మానేయడం కూడా అదే పని చేస్తుంది, ఉచితంగా.

చట్టం సంగతి నచ్చినా నచ్చకపోయినా చదవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. రంగు మార్చినా ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. పొగను శుభ్రపరిచే కెటలిటిక్ కన్వర్టర్ పీకేసిన డౌన్‌పైపు రోడ్డు మీద నేరమే. ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు ప్రమాదం రోజున బయటపడుతుంది. విడిభాగాలు బిల్లుతోనే కొనండి. 2025లో ఎర్రమంచి ఫ్యాక్టరీ నుంచి ఏళ్ల తరబడి సుమారు 900 ఇంజన్లు మాయమయ్యాయన్న కేసు దేశమంతా వార్త అయింది. నంబరు చెరిపిన ఇంజనో, బిల్లు లేని టర్బోనో చవగ్గా వస్తోందంటే ఎక్కడిదని అడగాల్సింది ముందు మీరే. లేకపోతే తర్వాత స్టేషన్లో వాళ్లు అడుగుతారు.

అయితే ఇంత బండి ఎక్కడ తోలాలి? కొడికొండ చెక్‌పోస్టు దాటాక నాలుగు వరసల రోడ్డు నేరుగా కనబడుతుంది, నిజమే. గొర్రెల మంద, ఎదురు దారిలో వచ్చే ట్రాక్టరు, లైటు లేని బండి కూడా అదే రోడ్డు మీద ఉంటాయి. వేగం కావాలంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కో కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేకో మామూలు కార్లను దించే రోజున వెళ్లండి. హెల్మెట్ పెట్టుకుని, ఎదురు బండి లేని దారిలో మీ బండి నిజంగా ఎంతో తెలుసుకోవచ్చు. అక్కడ మూడో రౌండుకే బ్రేకులు కాలిన వాసన వస్తే, కాగితం మీద ఏది కొట్టేయాలో తెలుస్తుంది.

ఆ రెండో ట్రాక్ పేరు వెనక ఒక మనిషి ఉన్నాడు. కోయంబత్తూరు మిల్లుల కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్. మన దేశంలో రేసు కారంటే విదేశాల నుంచి తెప్పించుకునే డబ్బున్నోళ్ల ఆటగా ఉన్న రోజుల్లో, 1980ల చివర్లో ఆయన మారుతి 800 ఇంజన్ తీసుకుని ఫార్ములా మారుతి అనే ఒంటి సీటు రేసు కారు తయారుచేశాడు. 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజన్, టర్బో లేదు. బలం పెంచడానికి తంటాలు పడకుండా, మోయాల్సిన బరువు తగ్గించాడు. ఎంతోమంది కుర్రాళ్లు ఆ చవక కార్ల మీదే రేసింగ్ నేర్చుకున్నారు. 1995లో ఆయన పోయాడు. 2003లో వచ్చిన ట్రాక్‌కు ఆయన పేరు పెట్టారు.

ఆయన దారి మీ సెల్టోస్‌కూ పనికొస్తుంది. డిక్కీ తెరవండి. సగం డిక్కీ ఆక్రమించిన సబ్‌ఊఫర్ పెట్టె, దాని ఆంప్లిఫయరు, ఎప్పుడో పెళ్లికి వేసిన ప్లాస్టిక్ కుర్చీలు రెండు, లేపాక్షి పోయినప్పటి నీళ్ల క్యాను, వెనక సీటు కింద పనిముట్ల సంచి. కాటా మీద పెడితే యాభై, అరవై కిలోలు తేలినా ఆశ్చర్యం లేదు. దించేయండి. స్టెప్నీ, జాకీ మాత్రం ఉంచండి. పికప్ పెరుగుతుంది, బ్రేకు తొందరగా పడుతుంది, క్లచ్ ఊపిరి పీల్చుకుంటుంది. ఆర్టీవో ఆఫీసుకు పోవాల్సిన పనీ లేదు.